ముందు బూట్లు కొను తమ్ముడూ, బోర్డు తర్వాత చూద్దాం

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్ళిలో. పోయిన ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో ఐదు రోజులు స్నోబోర్డింగ్ నేర్చుకున్నాను. కింద మైదానంలో రెండు వైపులా మలుపులు తిప్పగలుగుతున్నాను. ఈసారి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి పైనున్న పౌడర్‌లో (ఎవరూ తొక్కని మెత్తటి మంచులో) దిగాలని ఆశ. మా ఆఫీసులో అమెరికా నుంచి తిరిగొచ్చిన ఒకాయన తన బోర్డు, బైండింగ్స్ (బూటుని బోర్డుకి బిగించే కట్లు), బూట్లు అన్నీ కలిపి 30,000కి ఇస్తానంటున్నారు. బోర్డు ఫ్రీరైడ్ రకం, పొడవు 162 సెంటీమీటర్లు, ఫ్లెక్స్ (గట్టిదనం) పదిలో 8, పూర్తి క్యాంబర్. బూట్లు యూఎస్ 11. నేను మామూలుగా వేసుకునే షూ యూకే 9. కాస్త వదులైనా రెండు జతల మందపాటి సాక్సులు వేసుకుంటే సరిపోతుందనుకుంటున్నాను. నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మా ఆవిడ కూడా ఈసారి మొదటిసారి నేర్చుకుంటానంటోంది, తను 54 కిలోలు. ఇద్దరికీ కలిపి 70,000 దాకా పెట్టగలం. తీసుకోమంటారా? అసలు నా రైడింగ్ స్టైల్ ఏమిటో నాకే తెలియడం లేదు.

జవాబు: ఆ సెట్టు తీసుకోవద్దు తమ్ముడూ. ధర ఎక్కువని కాదు, వస్తువు చెడ్డదనీ కాదు. ఆయన అక్కడ ఎన్నో సీజన్లు తిరిగి తన కాలికీ తన వేగానికీ తగ్గట్టు కొనుక్కున్న సామాను అది. నీకు ఇప్పుడు కావలసింది దానికి దాదాపు ప్రతి విషయంలోనూ వేరే.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది బోర్డు కాదు, ఆ రెండు జతల సాక్సుల మాట. నేను మొదటి ఏడాది చేసిన పని సరిగ్గా అదే. బెంగళూరులోనే ఒకచోట పాత బూట్లు దొరికితే, ఒక సైజు పెద్దవైనా చలికి మందం సాక్సులు ఎలాగూ వేస్తాం కదా అని కొనేశాను. మంచు మీదికి వెళ్ళాక మడమ వైపు మలుపు వస్తోంది, మునివేళ్ళ వైపు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. మునివేళ్ళ మీదికి ఒరిగితే మొదట బూటు లోపల నా మడమ లేచేది. అది లేచి, బూటు గోడకి కాలు తగిలి, ఆ తర్వాతెప్పటికో బోర్డు అంచు మంచుని పట్టుకునేది. ఈలోపు నేను పడిపోయేవాణ్ణి. గైడు మోకాలి కింది ముందు ఎముకతో బూటు నాలుకని నొక్కమని అరుస్తున్నాడు, నేను నొక్కుతూనే ఉన్నాను. మూడు రోజులు నాకు ఈ ఆట రాదేమోనని దిగులు పడ్డాను. నాలుగో రోజు ఆయనే పట్టుబట్టి అద్దె దుకాణంలో నా కాలికి సరిపోయే బూట్లు ఇప్పించాడు. ఆ మధ్యాహ్నమే మునివేళ్ళ మలుపు వచ్చింది. బోర్డు మాత్రం అదే పాత బోర్డు.

1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన కూతుళ్ళ కోసం రెండు స్కీలు కలిపి స్నర్ఫర్ అనే ఆటబల్ల తయారు చేశాడు. దాని మీద పాదాన్ని బిగించే ఏర్పాటు లేదు. నిలబడి, బల్ల ముక్కుకి, అంటే ముందు కొసకి, కట్టిన తాడు పట్టుకుని జారడమే. 1977 నుంచి జేక్ బర్టన్ కార్పెంటర్ లాంటివాళ్ళు పాదాన్ని బల్లకి బిగించడం మొదలుపెట్టాకే అది మలుపులు తిప్పగల స్నోబోర్డు అయింది. పాదం అనుకున్నది అంచుదాకా ఆలస్యం లేకుండా చేరాలి. దారిలో మొదటి మజిలీ బూటు. అక్కడ ఖాళీ ఉంటే ఎంత ఖరీదైన బోర్డైనా నీ మాట వినదు.

కాబట్టి 70,000లో మొదటి రూపాయి బూట్లకే వెళ్ళాలి. ఎలా కొలుచుకోవాలో చెబుతాను. సాయంత్రం పూట కొలుచుకో, పొద్దుటి నుంచి నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. గోడకి మడమ ఆనించి, కాగితం మీద పూర్తి బరువు వేసి నిలబడు. అన్నిటికంటే పొడుగు వేలి చివర గీత పెట్టించు. గోడ నుంచి ఆ గీతకి ఉన్న దూరమే, సెంటీమీటర్లలో, మోండోపాయింట్ సైజు. స్కీ, స్నోబోర్డు బూట్ల పెట్టెల మీద ఉండే అంకె అదే. యూకే 9 అంటే సుమారు 28. కానీ మనం ఆఫీసు షూ ఒక అర సైజు, ఒక సైజు వదులుగా కొనే అలవాటున్నవాళ్ళం. చాలామందికి కొలిచి చూస్తే 27 లేదా 27.5 వస్తుంది. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకో.

తొడిగి చూసేటప్పుడు నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడని కొద్దిగా తాకాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు వెనక్కి జరిగి ఊపిరి పీల్చుకోవాలి. మునివేళ్ళ మీద లేచినా మడమ లోపల కదలకూడదు. చుట్టూ గట్టిగా పట్టుకున్నట్టుండాలి, ఎక్కడా ఒక్క చోటే నొప్పి పొడవకూడదు. కొత్తలో కాస్త బిగుతుగా అనిపించేదే సరైన బూటు, ఎందుకంటే కొన్ని రోజుల వాడకంలో లోపలి లైనర్ నొక్కుకుపోయి వదులవుతుంది. మొదటి రోజే హాయిగా ఉన్న బూటు పదో రోజుకి సంచీ అయిపోతుంది. ఇంట్లో వేసుకుని అరగంట తిరుగు, సినిమా చూస్తూ మోకాళ్ళు వంచుతూ ఉండు. సాక్స్ ఒక్క జతే, మోకాలి కిందిదాకా వచ్చే ఉన్నిది, పల్చనిదో మధ్యరకమో. రెండు జతలు వేస్తే మడతలు పడి రక్తప్రసారం తగ్గుతుంది, వెచ్చగా ఉండాల్సిన కాలు ఇంకా చల్లబడుతుంది. చెప్పులేసుకుని పెరిగిన మన పాదాలకి ముందు భాగం వెడల్పుగా ఉండటం మామూలే. చిటికెన వేలి దగ్గర నొక్కుతుంటే సైజు పెంచకు, అదే సైజులో వైడ్ మోడల్ అడుగు.

బిగించే పద్ధతుల్లో మామూలు లేసు, లాగితే బిగిసే తాడు, తిప్పితే బిగిసే బోవా చక్రం అని ఉంటాయి. చలిలో చేతులు కొంకర్లు పోయినప్పుడు బోవా చాలా సుఖం. కాకపోతే దాని తీగ కొండ మీద తెగితే విడి తీగ నీ సంచిలో ఉండాలి, అక్కడ ఏ దుకాణంలోనో దొరుకుతుందని నమ్ముకోలేం. లేసు తెగితే ఏ తాడుతోనైనా ఆ పూట గడిచిపోతుంది. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవాడికి నేను లేసుకే మొగ్గుతాను. బూటు గట్టిదనం పదిలో 4 దగ్గర ఉంటే నీకు చాలు.

ఇక స్టైల్ సంగతి. ఫ్రీస్టైల్, ఫ్రీరైడ్, కార్వింగ్, ఆల్ మౌంటెన్ అన్న పేర్లు వీడియోల్లో విని, వాటిలో మనకి నచ్చినదే మన స్టైల్ అనుకుంటాం. నేను వేరేగా అడుగుతాను. ఐదో రోజు, గైడు పక్కన లేనప్పుడు, నీ కళ్ళు దేని వైపు వెళ్ళాయి? మంచు దిబ్బ కనిపిస్తే దాని మీంచి ఎగరాలనిపించిందా? అది ఫ్రీస్టైల్ బుద్ధి. అలాంటివాళ్ళకి రెండు కొసలూ ఒకేలా ఉండే ట్విన్ బోర్డు కావాలి, కాస్త పొట్టిగా, మెత్తగా. యంత్రంతో చదును చేసిన వాలు మీద అంచుతో గీత గీసినట్టు వంపులు తిరగాలనిపించిందా? అది కార్వింగ్, దానికి గట్టి బోర్డు. ఎవరూ తొక్కని మంచు వైపు చూస్తూ నిలబడిపోయావా? అది ఫ్రీరైడ్. ముక్కు వెడల్పుగా, తోక సన్నగా, పాదాలు కొంచెం వెనక్కి ఉండే డైరెక్షనల్ బోర్డు అందుకు. నీ ఉత్తరాన్ని బట్టి నీ మనసు మూడోదాని మీద ఉంది. తప్పేమీ లేదు. గుల్మార్గ్ ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది దానికే.

అయితే మనసొక్కటే స్టైల్ కాదు. ఏ కొండ మీద, ఏడాదికి ఎన్ని రోజులు, ప్రస్తుతం కాలికి ఏం వచ్చు, ఈ మూడూ కలిస్తేనే స్టైల్. గుల్మార్గ్ మైదానం 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నువ్వు నేర్చుకున్నది అక్కడి మెల్లని వాలు మీద. గొండోలా మొదటి దశ కొంగ్డోరీ దాకా, రెండో దశ అఫర్‌వాట్ కొండ భుజం మీద సుమారు 3,980 మీటర్ల దాకా తీసుకెళుతుంది. ఆ పైన చదును చేసిన రహదారులు ఉండవు. నిటారు వాలు, లోతు మంచు, గాలికి గట్టిపడిన పెంకు, కిందికొచ్చేకొద్దీ చెట్లు, అన్నీ ఒకే దిగుడులో ఎదురవుతాయి. ఏడాదికి ఐదారు రోజులు ఆడే మనం వీటన్నిటినీ కొద్దికొద్దిగా సర్దుకుపోయే బోర్డు, అంటే ఆల్ మౌంటెన్ రకం, ఎంచుకోవాలి, ఒక్కదాంట్లోనే మొనగాడైన బోర్డు కాదు.

ఆ 162 బోర్డు ఎందుకు వద్దో ఇప్పుడు చూడు. క్యాంబర్ అంటే బోర్డుని నేల మీద పెడితే మధ్య భాగం విల్లులా పైకి లేచి, ముక్కు దగ్గర, తోక దగ్గర మాత్రమే నేలని తాకడం. నువ్వు ఎక్కి నిలబడితే ఆ విల్లు అణగి అంచు పొడవునా ఒత్తిడి పరుచుకుంటుంది. అందుకే వేగంలో, గట్టి మంచు మీద క్యాంబర్ పట్టు గొప్పగా ఉంటుంది. కానీ ఆ రెండు తాకే చోట్లే కొత్తవాణ్ణి పడేస్తాయి. మలుపు మధ్యలో బోర్డు కాస్త బల్లపరుపుగా అయినా వాలు కిందికి ఉన్న అంచు మంచులో గుచ్చుకుంటుంది, మనిషి బియ్యం బస్తాలా పడతాడు. మునివేళ్ళ వైపు గుచ్చుకుంటే మోకాళ్ళు, మణికట్లు. మడమ వైపైతే తల వెనక భాగం. రాకర్ దీనికి తలకిందులు, అరటిపండులా కొసలు పైకి లేచి ఉంటాయి. పౌడర్‌లో ముక్కు అంత తేలిగ్గా మునగదు, అంచు కూడా అంత తేలిగ్గా గుచ్చుకోదు, కానీ గట్టి మంచు మీద జారుడెక్కువ. పాదాల కింద క్యాంబర్, కొసల్లో రాకర్ కలిపిన హైబ్రిడ్ బోర్డులు వస్తున్నాయి. నీకు అది సరిపోతుంది.

ఫ్లెక్స్ 8 ఇంకో ఇబ్బంది. గట్టి బోర్డుని వంచాలంటే వేగం కావాలి. నీ ఇప్పటి వేగంలో అది వంగదు, వంగకపోతే తిరగదు, తిరగకపోతే నువ్వు భయంతో వెనక కాలు ఈడ్చి తిప్పుతావు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి ఇంకో రెండు సీజన్లు పడుతుంది. పదిలో 4, 5 దగ్గర తీసుకో. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 6 కావచ్చు, అందరికీ ఒకే కొలబద్ద లేదు, కాబట్టి అంకెతో పాటు వాళ్ళు ఎవరికోసం ఆ బోర్డు చేశామని రాశారో చదువు.

పొడవు విషయంలో గడ్డం దాకా రావాలని, ముక్కు దాకా రావాలని చెబుతారు. పాత లెక్క అది, పూర్తిగా నమ్మకు. బోర్డుకి నీ ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. ప్రతి మోడల్‌కీ కంపెనీ బరువుల పట్టిక ఇస్తుంది. 78 కిలోలకి ఆల్ మౌంటెన్ రకంలో 154 నుంచి 158 మధ్య పడుతుంది. నీ దశలో 155, 156 చాలు. బరువంటే బట్టలు, సంచి కాకుండా ఒంటి బరువు.

వెడల్పు చాలామంది చూడరు. బూటు బోర్డు అంచు దాటి రెండు వైపులా సెంటీమీటరు, ఒకటిన్నర దాకా బయటికి రావడం మంచిదే, అంచు మీద బలం వేయడానికి అదే ఆసరా. అంతకు మించి వస్తే ఒరిగినప్పుడు బూటు మంచుని గీరుకుని బోర్డు జారిపోతుంది. అసలు రాకపోతే బోర్డు తిప్పడం బరువవుతుంది. 28 సైజు కాలికి బోర్డు నడుము దగ్గర 252 నుంచి 258 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. వైడ్ అని రాసినవి నీకు అక్కర్లేదు.

మరి పౌడర్ మాటేమిటంటావు. డైరెక్షనల్ ట్విన్ అని ఒక మధ్యరకం ఉంది. ఆకారం రెండు కొసలకీ దాదాపు ఒకటే, పాదాల స్థానమో గట్టిదనమో కొంచెం వెనక్కి ఒరిగి ఉంటుంది. మామూలు రోజు మధ్యలో నిలబడతావు. రాత్రి మంచు బాగా పడితే పొద్దున్నే బైండింగ్స్ రెండూ ఒక రంధ్రం వెనక్కి జరుపుతావు, ముక్కు తేలుతుంది. ఐదు నిమిషాల పని. ఇందుకోసం మూడో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, నాలుగు విడి స్క్రూలు సంచిలో పెట్టుకో. మొదటి దిగుడు అయ్యాక స్క్రూలు మళ్ళీ బిగించు, కొత్తగా బిగించినవి ఒకసారి వదులవుతాయి.

బైండింగ్స్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పట్టీల రకమే తీసుకో, మధ్యరకం గట్టిదనం. బోర్డు మీద నాలుగేసి రంధ్రాల గుంపులున్నాయా, బర్టన్ కంపెనీ బోర్డుల్లోలా పొడుగు గాడి ఉందా చూసి, దానికి సరిపడే డిస్క్ (బైండింగ్‌ని బోర్డుకి బిగించే బిళ్ళ) వస్తోందో లేదో ముందే కనుక్కో. పాదం పెట్టగానే టక్కున పట్టుకునే స్టెప్ ఆన్ రకాలు బాగుంటాయి కానీ బూటూ బైండింగూ ఒకే జట్టు కావాలి. ఒకటి పాడైతే అద్దెకి జత దొరకదు. ముందు పాదం 15 డిగ్రీలు ముందుకి, వెనక పాదం 9 డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టు. మోకాలు నొప్పి పెడితే రెండు మూడు డిగ్రీలు మార్చి చూడు.

ఇప్పుడు డబ్బు సంగతి, నేనైతే ఏం చేస్తానో చెబుతాను. ఈ ఏడాది బూట్లు, హెల్మెట్, గాగుల్స్, బట్టలు కొంటాను. బోర్డు, బైండింగ్స్ గుల్మార్గ్‌లోనే అద్దెకి తీసుకుంటాను. అక్కడ అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి. రోజుకొక రకం అడిగి తీసుకుని, రాత్రి గదిలో పేరు, పొడవు, ఎలా తిరిగిందో రాసుకుంటాను. ఆరు రోజులకి నీ స్టైల్ నీ నోటుపుస్తకంలోనే ఉంటుంది. విదేశాల్లో మార్చి, ఏప్రిల్‌లో సీజన్ అయిపోగానే బోర్డుల ధరలు బాగా తగ్గిస్తారు. మీవాళ్ళెవరైనా వేసవిలో అమెరికా నుంచి వస్తుంటే అప్పుడు తెప్పించుకో. బూట్లు మాత్రం అలా కళ్ళు మూసుకుని తెప్పించుకోకు. తప్పకపోతే అరసైజు తేడాతో రెండు జతలు తెప్పించి, సరిపోనిది వెనక్కి పంపే వీలుంటేనే చెయ్యి.

బట్టల్లో జాకెట్ కన్నా ప్యాంటు ముఖ్యం. స్కీ వాళ్ళు నిలబడే ఉంటారు, మనం బైండింగ్ కట్టుకోడానికి, పడ్డాక లేవడానికి రోజంతా మంచులో కూర్చుంటాం. చీటీ మీద రాసే నీళ్ళు ఆపే సామర్థ్యం కనీసం 10,000 మిల్లీమీటర్లు, కుట్లకి టేపు వేసి ఉన్న ప్యాంటు కొను. మన వానాకాలం రెయిన్‌కోటు నీళ్ళు ఆపుతుంది కానీ చెమటని బయటికి పోనివ్వదు, ఆ తడే తర్వాత గడ్డకడుతుంది. లోపల నూలు బనియన్ వేసుకోవద్దు, ఉన్నిదో పాలియెస్టర్‌దో వేసుకో. మధ్యలో ఫ్లీస్. ఈ లోపలి రెండు పొరలూ బెంగళూరులో ట్రెక్కింగ్ సామాను అమ్మే ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతాయి. గాగుల్స్‌కి రెండు అద్దాలుంటే మేలు. ఎండ రోజుకి వెలుతురుని 8 నుంచి 18 శాతమే లోపలికి వదిలే ముదురు రంగు, మబ్బు రోజుకి 43 శాతం పైన వదిలే లేత రంగు. మబ్బులో ముదురు అద్దంతో దిగితే గుంతకీ దిబ్బకీ తేడా కనపడదు.

హెల్మెట్ అద్దెకొద్దు, సొంతం కొను. మణికట్టు గార్డులు ఇద్దరికీ తప్పనిసరి. కొత్తగా స్నోబోర్డింగ్ నేర్చుకునేవాళ్ళకి ఎక్కువగా విరిగేది మణికట్టే, పడేటప్పుడు చెయ్యి తనంతట తనే ముందుకెళుతుంది. కీబోర్డు మీద బతికేవాళ్ళం, ఆరు వారాలు కట్టుతో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

రెండో దశ గురించి నిన్ను కూర్చోబెట్టి మాట్లాడినట్టే రాస్తున్నాను. పెద్ద బోర్డు చేతికొస్తే పైకి వెళ్ళే ధైర్యం దానితో పాటే వస్తుంది, నా భయం అదే. అఫర్‌వాట్ మీద మంచు చరియలు విరిగిపడతాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడ అలాంటి చరియలో చిక్కుకుని ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. గొండోలాకి ఎదురుగా ఉన్న బౌల్‌ని (గిన్నెలాంటి వాలుని) ప్యాట్రోల్ వాళ్ళు, అంటే కొండ మీది భద్రతా సిబ్బంది, చూసుకుంటారు. ఆ హద్దు దాటితే ఎవరి ప్రాణానికి వాళ్ళే బాధ్యులు. దాటేవాళ్ళ దగ్గర బీకన్ (మంచు కింద మనిషి ఎక్కడున్నాడో పట్టిచ్చే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ) మూడూ ఉండాలి, వాటిని వాడటం సాధన చేసి ఉండాలి, పక్కన అదే తెలిసిన ఇంకో మనిషి ఉండాలి. మంచు కింద మనిషిని వెతికే సమయం నిమిషాల్లో ఉంటుంది. ఈసారి కొంగ్డోరీ నుంచి కింది దాకా రెండు అంచుల మీదా, ఆగాలనుకున్న చోట ఆగుతూ, పడకుండా మూడుసార్లు దిగు. అప్పుడు గైడుతో, ప్యాట్రోల్ తెరిచిన రోజున, బౌల్‌లోకి వెళ్ళు. ఒక్క రోజైనా ముందే ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు కానివ్వు.

మీ ఆవిడకి ఈ ఏడాది బోర్డు కొనొద్దు. అద్దెకి తీసుకునేటప్పుడు 143 నుంచి 147 మధ్య, మెత్తనిది, ఆడవాళ్ళ కోసం నడుము సన్నగా చేసినది అడుగు. నీ బోర్డు ఒక్క పూటకి కూడా ఆమెకివ్వకు. తను ఎడమ కాలు ముందు పెట్టే రెగ్యులరో, కుడి కాలు ముందు పెట్టే గూఫీనో ఇంట్లోనే తేల్చుకోండి. సాక్సులతో నున్నటి గచ్చు మీద రెండడుగులు పరిగెత్తి జారమను, ఏ కాలు ముందుకొస్తే అది. ఆలోచించకుండా నాలుగైదుసార్లు చేయించు. నేర్పడం మాత్రం గైడుకి వదిలేయి. మొగుడు నేర్పితే మొదటి గంటలోనే ఇద్దరికీ మాటలుండవు, నేను చూశాను.

సొంత బోర్డు వచ్చాక మన ఊళ్ళలో దాని శత్రువు తేమ. చెన్నైలోనైతే ఒక్క వానాకాలంలో ఉక్కు అంచులు ఎర్రబడతాయి, బెంగళూరులో కొంచెం నెమ్మది. ఇంటికి రాగానే తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అడుగు భాగం మీద మందంగా మైనం పూసి అంచులు కూడా కప్పేలా వదిలేయి. బాల్కనీలోనూ, వాషింగ్ మెషీన్ పక్కనా పెట్టకు, మంచం కిందో బీరువా వెనకో పెట్టు. తడి సంచిలో మూసి మర్చిపోకు.

ఆఫీసు పెద్దాయనకి మంచి మాటతో వద్దని చెప్పు, వీలైతే ఒకసారి ఆయన్నే గుల్మార్గ్‌కి తోడు రమ్మని అడుగు, అన్ని సీజన్లు తిరిగిన మనిషి పక్కనుంటే మంచిదే. ఈ వారంలో మీ ఇద్దరి పాదాలూ కొలిచి అంకెలు రాసి పంపు. నీది 27.5 కన్నా తక్కువొస్తే పైన చెప్పిన నడుము వెడల్పు కొంచెం తగ్గించాలి, బూటు కొనకముందే ఆ లెక్క సరిచేసి రాస్తాను.